వీఆర్ హెడ్‌సెట్ కొనేవారు ముందు దాని పట్టీని చూడండి

సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో గత వారం కొన్న వీఆర్ హెడ్‌సెట్ (కళ్ల మీదుగా తలకు తొడుక్కుని, త్రీడీ దృశ్యం మధ్యలో ఉన్నట్టు చూసే పరికరం) గురించి, ఇంకా మెడ సరిగా తిప్పలేని స్థితిలోనే ఇది రాస్తున్నాను. ఇళ్ల నమూనాలను త్రీడీలో గీయడం నా వృత్తి కాబట్టి, రోజుకు రెండు మూడు గంటలు ధరించక తప్పదని దుకాణదారుకు ముందే చెప్పాను. అక్కడ నా తలకు తొడిగినదానికి గట్టి పట్టీ, తల వెనుక బ్యాటరీ, బిగింపు సరిచేసుకొనే చక్రం ఉన్నాయి. పది నిమిషాలు పెట్టుకున్నా బరువు తెలియలేదు. ఇంట్లో పెట్టె విప్పితే ఉన్నది సాగే గుడ్డ పట్టీ మాత్రమే.

నాలుగో రోజుకు చెంప ఎముకల మీద ఎర్రని గాట్లు పడ్డాయి, నుదురు తిమ్మిరెక్కింది, పుర్రె కింది నుంచి భుజం దాకా నరం లాగేస్తోంది. వంటింటి కాటా మీద పెడితే 540 గ్రాములు తూగింది. 2023లో వచ్చిన మెటా క్వెస్ట్ 3 అనే హెడ్‌సెట్ కూడా 515 గ్రాములు ఉంటుంది కాబట్టి తప్పంతా బరువుది కాదు, ఆ బరువు ఎక్కడ ఉందన్నదే అసలు సంగతి. నీళ్ల బిందె నడినెత్తిన నిలిస్తే మోయగలం. అందులో పదో వంతు బరువు ముఖానికి ముందు వేలాడినా, తల వాలిపోకుండా మెడ వెనుక కండరాలు క్షణం విడవకుండా లాగి పట్టుకోవాలి. దుకాణంలో తొడిగిన, వెనుక బ్యాటరీ ఉన్న హెడ్‌సెట్ నిజానికి ఇంకా బరువైనదే, అయినా ముందూ వెనుకా తూకం సరిపోవడం వల్ల హాయిగా అనిపిస్తుంది.

తిరిగి తీసుకువెళితే, "మీరు చూసింది డెమో పీసు మేడం, ఆ పట్టీ విడిగా కొనుక్కోవాలి" అన్నాడు దుకాణదారు. అమ్మేటప్పుడు ఆ మాట ఎందుకు దాచారని అడిగాను. నలుగురు కొనుగోలుదారుల ముందు, ఫోన్ నుంచి తల ఎత్తకుండా, "అందరూ ఇదే వాడుతున్నారు, మీ మెడే వీక్‌గా ఉన్నట్టుంది, డాక్టరుకు చూపించుకోండి" అన్నాడు. నొప్పికన్నా ఆ మాటే నన్ను ఎక్కువగా బాధించింది. పెట్టె అక్కడే విప్పించి చూడకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటాను; కానీ ఒకటి తొడిగి మరొకటి అంటగట్టడం మోసం. సీలు తీశారని వెనక్కి తీసుకోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను.

మీరు కొనేటప్పుడు ఇంటికి తెచ్చుకొనే పెట్టెనే విప్పించి, అందులోని పట్టీతోనే, కళ్లద్దాలుంటే వాటితో సహా, కనీసం ఇరవై నిమిషాలు తల పైకీ కిందికీ తిప్పి చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.