పాత్‌ఫైండర్ రీమాస్టర్: మారిన పేర్లు, తొలగిన గాథలు

పాత్రలు ధరించి కథ అల్లుకుంటూ ఆడే టేబుల్‌టాప్ ఆట పాత్‌ఫైండర్. దాని రెండవ ఎడిషన్‌లో ఒక క్యాంపెయిన్‌ను, అంటే ఒకే కథగా సాగే ఆటను, 2019లో అది విడుదలైన నాటి నుంచి గేమ్ మాస్టర్‌గా (కథను నడిపే వ్యక్తిగా) నడుపుతున్నాను. 2023 నవంబరులో ఆ ఎడిషన్‌కే సవరించిన కూర్పు అయిన రీమాస్టర్ పుస్తకాలు రావడం మొదలయ్యాక అదే క్యాంపెయిన్‌ను వాటిలోకి మార్చాను. నియమాల పరంగా రీమాస్టర్ మెరుగైనదే. ఈ సమీక్ష పేర్లకూ, గాథలకూ పరిమితం.

ఇదే తరహా ఆట అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వారి ఓపెన్ గేమ్ లైసెన్స్ (ఆ ఆట నియమాలను ఇతరులు వాడుకోనిచ్చే అనుమతి)పై 2023 జనవరిలో వివాదం రేగడంతో, ఆ లైసెన్స్‌పై ఆధారపడకుండా ఉండేందుకు పాత్‌ఫైండర్ ప్రచురణకర్త పైజో సంస్థ అక్కడి నుంచి వచ్చిన పదజాలాన్ని వదులుకుంది. ఈ ఆటలకు ఇది కొత్త కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలినాళ్లలో టోల్కీన్ నవలల నుంచి వచ్చిన హాబిట్లు కూడా హక్కుదారుల అభ్యంతరంతోనే హాఫ్‌లింగులయ్యారు.

నియమాల పేర్లు మారినందుకు నాకు బాధ లేదు. మ్యాజిక్ మిసైల్ అనే మంత్రం ఫోర్స్ బరాజ్ అయింది, రక్షణ తగ్గిన స్థితిని సూచించే ఫ్లాట్-ఫుటెడ్ ఆఫ్-గార్డ్ అయింది. ఆటగాళ్లు త్వరగానే అలవాటుపడ్డారు. గాథల విషయం వేరు. భూగర్భంలో నివసించే డ్రౌ ఎల్ఫులను ఆటలోని కల్పిత ప్రపంచం నుంచి పూర్తిగా తీసివేసి, వారి స్థానాన్ని సర్పజాతి సెక్మిన్లకు ఇచ్చారు. డ్రౌ అనే పేరుకు మూలం స్కాట్లాండ్ ఉత్తర ద్వీపాల జానపద కథల్లోని ట్రౌలు కనుక అది ఎవరి సొత్తూ కాదు. అయితే దాని చుట్టూ అల్లుకున్న రూపురేఖలు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌వి. మా క్యాంపెయిన్‌లో శత్రుత్వాలు, సంధులు, ఒక ముఖ్యపాత్ర పుట్టుక అన్నీ డ్రౌ వంశాలతో ముడిపడి ఉన్నందున, వారి స్థానంలో సెక్మిన్లను పెడితే కథ నిలవదు. అందుకే డ్రౌలను అలాగే ఉంచాను.

డ్రాగన్ల మార్పు కూడా అటువంటిదే. ఎర్ర డ్రాగన్ కనబడగానే నిప్పు నుంచి కాచుకోవాలని ఆటగాళ్లకు తెలిసేది. ఇప్పుడు రంగులు, లోహాలకు బదులు నాలుగు మాంత్రిక సంప్రదాయాల ప్రకారం విభజించిన కొత్త డ్రాగన్లు చక్కగా రూపొందినా, ఆ పాత ఎరుక అక్కరకు రాదు.

దీనికి భిన్నంగా, భారతదేశ స్ఫూర్తితో కల్పించిన వుద్రా ప్రజలు నివసించే జల్మెరే ద్వీపాన్ని కూడా వర్ణించే 2022 నాటి పుస్తకంలోని వానరులను, విషకన్యలను ఈ వివాదం తాకలేదు. ముద్రారాక్షసంలో చంద్రగుప్తుడిపై ప్రయోగించిన విషకన్య ఎవరో మన ఆటగాళ్లకు వివరించనక్కరలేదు. ఉమ్మడి సంప్రదాయం నుంచి తీసుకున్న పాత్రలకు ఏ లైసెన్స్ అనుమతీ అవసరం లేదు. రచయితలు ఈ దిశగా మరింత ముందుకు వెళ్లాలని నా గట్టి కోరిక.

కొత్తగా మొదలుపెట్టేవారు నిశ్చింతగా రీమాస్టర్ తీసుకోవచ్చు. పాత క్యాంపెయిన్ ఉన్నవారు రీమాస్టర్‌లోని ప్రాణుల పుస్తకం మాన్‌స్టర్ కోర్‌తో పాటు దాని పాత రూపమైన 2019 నాటి బెస్టియరీని కూడా దగ్గర ఉంచుకోవాలి. ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ వెబ్‌సైట్‌లో రెండు కూర్పుల నియమాలూ ఉచితంగా లభిస్తాయి.