బ్రాడీపేటలో 800 రూపాయలు పెట్టి రాయించుకున్న రెజ్యూమె

గుంటూరు బ్రాడీపేటలో నా రెజ్యూమె దిద్దినాయనకి అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో తర్వాత చెప్తా. అసలు ఆయన మెట్లెక్కే దాకా ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి.

నేను 2018లో బీటెక్ పాసయ్యాను. 2019 జనవరి నుంచి 2021 సెప్టెంబరు దాకా హైదరాబాదులో జావా డెవలపర్‌గా చేశాను. తర్వాత బాబు పుట్టాడు, గుంటూరు వచ్చేశాం. మొన్న జూన్‌లో వాణ్ణి ఎల్‌కేజీలో వేశాం. పొద్దున తొమ్మిది నుంచి మూడింటి దాకా ఇల్లు నిశ్శబ్దం. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగమేదైనా చూసుకుందామనుకున్నాను.

మొదటి రెజ్యూమె మా ఆయన సలహా. పట్నంబజారులో మా పెళ్లి శుభలేఖలు వేసిన షాపు ఉంది, అక్కడ కార్డులు డిజైన్ చేసే కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్ మీద కూర్చునే కుర్రాడి చెయ్యి మంచిదని. నిజంగానే మంచిదే. రెండు కాలమ్‌లు, గుండ్రటి చట్రంలో నా ఫొటో, చుట్టూ సన్నటి బంగారు రంగు గీత. స్కిల్స్ పక్కన నక్షత్రాలు. జావాకి అయిదుకి నాలుగు. ఆ అయిదో నక్షత్రం ఏమైందమ్మా అని ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలీదు. దాన్నే పట్టుకుని నలభై కంపెనీలకి అప్లై చేశాను. ఒక్క ఫోనూ రాలేదు. ఇన్నేళ్లు ఖాళీగా ఉన్నందుకే ఎవరూ పిలవట్లేదని నాలో నేనే కుమిలిపోయాను.

మధ్యలో ఏటీఎస్ (కంపెనీలు రెజ్యూమెల్ని జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్) స్కోరు చెప్తామన్న ఒక సైటుకి 499 కట్టాను. పాతిక శాతం వచ్చిందనీ, ఇంకో 999 కడితే తొంభై చేస్తామనీ చెప్పింది. ఆ డబ్బు గురించి ఇంట్లో ఇంకా ఎవరికీ తెలీదు.

అప్పుడు మా తమ్ముడు చెప్పాడు, బ్రాడీపేటలో ఒక జిరాక్స్ సెంటర్ పై మేడ మీద ఒకాయన రెజ్యూమెలు చూస్తాడని. పద్నాలుగేళ్లు హైదరాబాదులో రిక్రూటర్‌గా చేసి, కరోనా తర్వాత వాళ్లమ్మగారి కోసం ఊరికి వచ్చేశారట. బోర్డేమీ లేదు. జిరాక్స్ తీసే అబ్బాయిని అడిగితే పైకి చెయ్యి చూపిస్తాడు. మెట్లు ఇరుకు. పైన ఒక గది, రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడకి ఫ్యాను. అపాయింట్‌మెంట్ అంటూ ఏమీ లేదు, ముందొచ్చిన వాళ్లు ముందు. నా ముందు ఇద్దరు ఫ్రెషర్లున్నారు. గంటా పది నిమిషాలు మెట్ల మీదే నిలబడ్డాను. అర మార్కు అక్కడ పోయింది.

నా వంతు వచ్చాక ఆయన రెజ్యూమె చదవలేదు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశారు. తెల్లటి పేజీ. ఎడమ మూల కర్సర్ ఒక్కటే కొట్టుకుంటోంది.

"చూశావా అమ్మా, ఆ నలభై కంపెనీలకీ నువ్వు పంపింది ఇదే" అన్నారు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత విషయం చెప్పారు. ప్రెస్సులో వేరే కంప్యూటర్‌లో ఫాంటు లేకపోతే అక్షరాలు తారుమారవుతాయి కదా, అందుకని కార్డుల షాపుల్లో ఫైలు పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేసేస్తారు. అంటే అది ఇక అక్షరం కాదు, బొమ్మ. 'అను' అనే తెలుగు ఫాంట్లలో కొట్టిన శుభలేఖకి అది తప్పనిసరి. రెజ్యూమెకి మాత్రం గొడ్డలిపెట్టు. కంపెనీ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఫైల్లోంచి పేరు, ఫోన్ నంబరు, స్కిల్స్ లాక్కుని తన గడుల్లో నింపుకుంటుంది, లాక్కోవడానికి ఇందులో అక్షరమే లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అప్లై చేసిన ప్రతిసారీ ఫారంలో గడులు వాటంతటవి నిండేవి కావు, నేనే చేత్తో కొట్టేదాన్ని. నెట్ స్లో అనుకున్నాను!

స్కోరు సైటు సంగతి చెప్తే నవ్వారు. కంపెనీకో సాఫ్ట్‌వేర్, ఒక్కో ఉద్యోగానికి ఒక్కో రకం వెతుకులాట. అందరికీ కలిపి ఒక మార్కు ఎక్కడినుంచి వస్తుందమ్మా అన్నారు. ఒకటే కాలమ్, టేబుళ్లు వద్దు, ఫోన్ నంబరు వర్డ్‌లో పేజీ పైన ఉండే హెడర్‌లో పెట్టొద్దు, కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్‌ని చదవనే చదవవు. ఇదంతా అయిదు నిమిషాల్లో తేల్చేశారు. తీసేయాల్సినవీ అంతే: ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, ఎంఎస్ ఆఫీస్, కెరీర్ ఆబ్జెక్టివ్.

మిగిలిన గంటా నన్ను ప్రశ్నలడగడమే. ఆ 800 దానికే ఇచ్చాననుకుంటాను.

నా పాత రెజ్యూమెలో ఒక లైను ఉండేది, రిపోర్ట్స్ మాడ్యూల్ మీద పనిచేశాను, బగ్స్ సరిచేశాను అని. "ఏ రిపోర్టు?" అన్నారు. రోజువారీ ఆర్డర్లది సార్ అన్నాను. "దానికేమైంది?" మెల్లగా తెరుచుకునేది. "ఎందుకు?" చాలాసేపు ఆలోచించాను. నాలుగేళ్ల కిందటి మాట. మెల్లగా పైకొచ్చింది. రోజుకి దాదాపు మూడొందల ఆర్డర్లు, ఆర్డర్ల జాబితాకి ఒక క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న), మళ్లీ ఒక్కో ఆర్డర్లో వస్తువుల కోసం ఒక్కో క్వెరీ. జావాని డేటాబేస్‌తో కలిపే హైబర్నేట్ వాడినవాళ్లందరికీ తెలిసిన రోగమే. అన్నీ ఒకేసారి తెప్పించే జాయిన్ ఫెచ్ పెట్టి ఒక్క క్వెరీకి దించాను. "ఎంత తగ్గింది?"

నలభై శాతం మెరుగుపడిందని రాద్దాం సార్, అందరూ అలాగే రాస్తారు అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టారు. "నలభై దేంట్లో? ఎలా కొలిచావు? నేనే ఇంటర్వ్యూ చేస్తుంటే రెండో ప్రశ్న అదే అడుగుతాను."

ఆఫీసు లాప్‌టాప్ ఎప్పుడో ఇచ్చేశాను. ఏం ఆధారం ఉంటుంది? అప్పుడు వాట్సాప్‌లో వెతికాను. 2021 మార్చిలో నా పక్క సీటు అమ్మాయికి పెట్టిన మెసేజ్ దొరికింది: "9 సెకన్లది 1 లోపే వచ్చేసిందే, పార్టీ ఇవ్వాలి నువ్వు." ఆయన గట్టిగా నవ్వి, ఆ అంకెనే వేశారు. ఇప్పుడు ఆ లైను ఇలా ఉంది: రోజువారీ ఆర్డర్ల రిపోర్టు తెరుచుకునే సమయాన్ని 9 సెకన్ల నుంచి 1 సెకను లోపుకి తగ్గించాను, 301 క్వెరీలను జాయిన్ ఫెచ్‌తో ఒక్కటి చేసి. ఏం సాధించావు, దాన్ని ఎలా కొలిచావు, ఏం చేసి సాధించావు, ఈ వరుస గూగుల్‌లో హెచ్‌ఆర్ పెద్దగా చేసిన లాజ్లో బాక్ చెప్పిన పద్ధతి అన్నారు. నాకైతే మా అత్తయ్య పద్ధతి గుర్తొచ్చింది. సంతకెళ్లొస్తే ఏం తెచ్చావు, ఎంతకి తెచ్చావు, ఎలా బేరమాడావు అని వరసగా అడుగుతుంది.

గ్యాప్ సంగతి నేనే భయపడుతూ ఎత్తాను. వేరే ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంతకుముందే నాకు ఫోన్ చేసి, నలభై వేలిస్తే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామన్నారు. ఆ మాట చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) హిస్టరీ చూస్తే ఎక్కడ ఎన్నాళ్లు చేశావో తెలిసిపోతుంది, వెరిఫికేషన్‌లో దొరికితే చేరాక కూడా పంపించేస్తారన్నారు. గ్యాప్‌ని ఒక్క లైనులో, దాచకుండా రాశారు: కుటుంబ బాధ్యతల కోసం విరామం, 2021 నుంచి 2025. దాని కిందే ఈ మధ్య ఏం నేర్చుకున్నావో పెట్టు అన్నారు. అదృష్టవశాత్తూ ఒకటుంది. నా పాత చిన్న ప్రాజెక్టుని స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో 2.7 వెర్షన్ నుంచి 3కి మార్చాను. దానికి జావా 17 కావాలి, పైగా జావాఎక్స్ అని ఉన్న ప్యాకేజీ పేర్లు చాలావరకు జకార్తా అయ్యాయి. బాబు మధ్యాహ్నం నిద్రపోయే వేళల్లో వారం పట్టింది. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు లింకుతో సహా అదీ రెజ్యూమెలోకి ఎక్కింది.

ఇక కోత సంగతి. ఇంటికొచ్చి చదువుకుంటే హైబర్నేట్ స్పెల్లింగు తప్పు, చివరి అక్షరాలు తేడా కొట్టి హైబర్‌నెట్ చేశారు. ఇది చిన్న తప్పు కాదు, రిక్రూటర్ ఆ మాట కొట్టి వెతికితే నేను దొరకను. ఇంగ్లీషులో ఒక లైను భూతకాలం, పక్క లైను వర్తమానం. రెండేళ్ల ఎనిమిది నెలల అనుభవానికి రెండు పేజీలు చేశారు, నేను కూర్చుని ఒకటికి కుదించాను. అడుగున 'పై వివరాలు నిజమని ప్రకటిస్తున్నాను' అన్న డిక్లరేషన్ కూడా తీసేయకుండా అలాగే ఉంచేశారు. ఇక్కడి కొన్ని కంపెనీల వాళ్లు అడుగుతారమ్మా అన్నారు కానీ నేను తీసేశాను. రెండోసారి దిద్దించుకోవాలంటే 200, అందుకని నేనే దిద్దుకున్నా. ఒక మార్కు ఈ పద్దు కింద.

వెళ్లేవాళ్లకి: పదిన్నర లోపే వెళ్లండి. పాత పనుల మెయిళ్లు, చాట్లు ఏవున్నా ముందే వెతికి పెట్టుకోండి, లేకపోతే ఆయన అడిగినప్పుడు నాలాగా తడుముకుంటారు. యూపీఐ తీసుకుంటారు.

మూడు వారాల్లో ఇరవై రెండు చోట్ల అప్లై చేశాను. మూడు ఫోన్లు వచ్చాయి. ఒకటి రెండో రౌండు దాకా వెళ్లింది, అందులో మొదటి పావుగంటా ఆ 301 క్వెరీల గురించే. ఉద్యోగం ఇంకా రాలేదు.

పోయిన శనివారం బాబు పుట్టినరోజు కార్డుల కోసం పట్నంబజారు షాపుకి వెళ్లాను. కౌంటర్ మీద శాంపిళ్ల ఫైలు తిరగేస్తుంటే గృహప్రవేశం కార్డుకీ ఓణీల ఫంక్షన్ కార్డుకీ మధ్య నా రెజ్యూమె, లామినేషన్ చేసి ఉంది. ఫొటో, ఫోన్ నంబరుతో సహా. తీసేయమన్నాను. "ఎందుకక్కా, ఇప్పటికే నలుగురు ఇదే మోడల్ కావాలన్నారు" అన్నాడు ఆ కుర్రాడు.