ప్రోబయోటిక్ క్యాప్సూలా, పెరుగా, తరవాణి అన్నమా: పేగుకూ మనసుకూ ఏది మేలు?

యాంటీబయాటిక్ కొన్నవారి చేతికి దాంతోపాటు ప్రోబయోటిక్, అంటే మేలుచేసే సజీవ సూక్ష్మజీవులున్న క్యాప్సూళ్ల అట్ట కూడా రావడం మొదలైనప్పటి నుంచి, కోనసీమలో జూనియర్ కళాశాల పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే నన్ను ఇరుగుపొరుగువారూ, విద్యార్థుల తల్లిదండ్రులూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. “మాస్టారూ, పేగుల్లో సూక్ష్మజీవులు బాగుంటే మెదడు కూడా ప్రశాంతంగా ఉంటుందంటున్నారు కదా, ఈ బిళ్లలు నెలనెలా వేసుకోమంటారా, మన పెరుగన్నం చాలంటారా?” అని. వారిలో పరీక్షల భయంతో నిద్రపట్టని పిల్లల తల్లులు ఉన్నారు, ఏళ్ల తరబడి అజీర్తితోనూ దిగులుతోనూ కలిపి బాధపడుతున్న పెద్దలూ ఉన్నారు. క్రిందటి భాద్రపదంలో పంటి చీముకు ఏడు రోజులు యాంటీబయాటిక్ వాడి, ఆ తరువాత మూడు వారాలు కడుపు కుదుటపడక, నిద్ర చెదిరి, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటూ గడిపిన నేను కూడా ఈ ప్రశ్నకు నా వరకు ఒక జవాబు వెతుక్కోవలసి వచ్చింది. అందుకే క్యాప్సూల్, పెరుగులతోపాటు తరవాణి అన్నాన్ని, అంటే నీళ్లు పోసి పులియబెట్టిన అన్నాన్ని కూడా ఇక్కడ పోల్చి చూస్తున్నాను.

పేగుకూ మెదడుకూ సంబంధం ఉందన్న సంగతి ఇప్పుడు కొత్తది కాదు కనుక, ఎంపికకు పనికివచ్చేంత మేరకే చెబుతాను. పేగు గోడలో సుమారు 10 కోట్ల నుంచి 50 కోట్ల వరకు నాడీకణాలు ఉంటాయి. మెదడు నుంచి పొట్టకు దిగే వేగస్ నాడిలో దాదాపు 80 శాతం పోగులు కింది నుంచి పైకి, అంటే లోపలి అవయవాల కబురును మెదడుకు మోసేవే. ఇది ఒక దారి. రెండవది రోగనిరోధక వ్యవస్థ ద్వారా, అంటే పేగు గోడ దెబ్బతిని ఒంట్లో వాపు పెరిగితే దాని రసాయన సంకేతాలు మెదడు పనిని మారుస్తాయి. మూడవది, మనం అరిగించుకోలేని పీచును సూక్ష్మజీవులు పులియబెట్టి తయారుచేసే బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాల దారి. నాడుల మధ్య కబురు మోసే రసాయనమైన సెరటోనిన్ ఒంట్లో ఉన్నదానిలో 90 శాతానికి పైగా పేగులోనే తయారవుతుందన్న మాటను చాలామంది పట్టుకున్నారు గాని, ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదన్న రెండో సగాన్ని వదిలేస్తున్నారు. అది పేగు కదలికలను నడుపుతుంది, వేగస్ నాడి చివరలను తాకుతుంది. ఆ విధంగా మాత్రమే దాని ప్రభావం పైకి చేరుతుంది.

రుజువులు ఎంతవరకు ఉన్నాయో కూడా ముందే చెప్పడం న్యాయం. 2004లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవులు ఏమాత్రం లేకుండా పెంచిన చుంచెలుకలు ఒత్తిడికి మామూలు చుంచెలుకలకన్నా ఎక్కువగా స్పందిస్తాయనీ, వాటికి ఒక రకం బైఫిడోబ్యాక్టీరియాను ఇస్తే ఆ అతి తగ్గుతుందనీ చూపారు. 2011లో ఐర్లండ్, కెనడా పరిశోధకులు లాక్టోబాసిలస్ అనే సూక్ష్మజీవుల్లో ఒక రకాన్ని చుంచెలుకలకు తినిపించినప్పుడు వాటి ఆందోళన తగ్గింది, వేగస్ నాడిని కోసేసిన వాటిలో మాత్రం ఆ ఫలితం కనిపించలేదు. ఎంతో ఆశ కలిగించిన ఆ రకాన్నే 29 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు ఇచ్చి చూసి 2017లో ఫలితాలు ప్రచురించినప్పుడు, ఒత్తిడి మీద గాని ఆందోళన మీద గాని చెప్పుకోదగిన మేలు ఏదీ తేలలేదు. చుంచెలుకకు పనిచేసినది మనిషికి పనిచేయాలని లేదు. అందువల్ల కుంగుబాటుకు డాక్టరు రాసిన మందు మానేసి పెరుగు మీదా, బిళ్ల మీదా ఆధారపడాలని ఎవరు చెప్పినా వినవద్దని ఈ పోలికలోకి దిగే ముందే మనవి చేస్తున్నాను.

ఇక క్యాప్సూల్. దానికి ఉన్న గొప్ప బలం నిర్దిష్టత. లోపల ఏ జాతి ఉందో, ఆ జాతిలో ఏ రకమో, ఎన్ని కోట్ల కణాలో అట్ట మీద రాసి ఉంటుంది. అటువంటి నిర్దిష్టత ఎంత మేలు చేయగలదో మన పొరుగునే ఉన్న ఒడిశా పల్లెల్లో రుజువైంది: 4,556 మంది నవజాత శిశువులతో జరిగిన పరీక్షలో, పుట్టిన తొలిరోజుల్లో ఏడు రోజులపాటు ఒక లాక్టోబాసిలస్ రకాన్ని దాని మేతయైన చక్కెర పీచుతో కలిపి ఇచ్చినప్పుడు, రక్తం విషమించడం, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయని 2017లో ప్రచురించారు. ఆ లెక్కను నేను చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ ఇచ్చింది సూక్ష్మజీవిని మాత్రమే కాదు, దానితోపాటు దాని తిండిని కూడా అన్న సంగతి గుర్తుంచుకోండి.

అయితే పెద్దవారి మామూలు కడుపు ఇబ్బందుల విషయంలో ఈ బలం నిలబడలేదు. 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం, చాలా రకాల జీర్ణకోశ వ్యాధులకు ప్రోబయోటిక్‌లను సిఫారసు చేసేంత ఆధారం లేదని చెప్పింది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులు, యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు వచ్చే ఒక తీవ్రమైన విరేచనాల నివారణ వంటి కొద్ది సందర్భాలను మాత్రం మినహాయించింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ ప్రచురించిన పని. 21 మందికి ఏడు రోజులు యాంటీబయాటిక్‌లు ఇచ్చిన తరువాత, 11 రకాల సూక్ష్మజీవులున్న ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో సొంత సూక్ష్మజీవులు తిరిగి కోలుకోవడం, ఏమీ తీసుకోనివారిలో కన్నా బాగా ఆలస్యమైంది. తక్కువమందితో చేసిన ప్రయత్నమే గాని, ఖాళీ అయిన ఇంట్లోకి వచ్చిన చుట్టం అసలు ఇంటివారిని గుమ్మం దగ్గరే ఆపినట్టు జరగవచ్చని అది చూపింది. దీనికి తోడు మన తీరంలో వేసవి ఉక్కకు కరెంటు పోయిన దుకాణంలో ఆ అట్టలు ఎంత వేడిలో ఉన్నాయో, వాటిలో బతికి ఉన్నవెన్నో కొనేవారికి తెలిసే అవకాశం లేదు.

నా దృష్టిలో ఈ పోలిక మొత్తం తేలేది ఇక్కడే. ఎన్ని కోట్ల సూక్ష్మజీవులను మింగుతున్నామన్నది అసలు లెక్క కాదు, లోపల ఉన్నవాటికి రోజూ మేత అందుతున్నదా లేదా అన్నదే లెక్క. మింగిన వాటిలో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లో బయటకు పోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువకు నీరు వదలని ఏడాది ఎంత మేలైన నారు తెచ్చి నాటినా ఏం లాభం? బ్యూటిరేట్ తయారయ్యేది పెద్దపేగులో స్థిరపడిన సూక్ష్మజీవుల దగ్గర, అదీ వాటికి పీచు చేరినప్పుడే. ఆ చిన్న కొవ్వు ఆమ్లాలు పేగు గోడ కణాలకు ఆహారం. జర్మనీలోని ఫ్రైబుర్గ్ పరిశోధకులు 2015లో, సూక్ష్మజీవులు లేని చుంచెలుకల మెదడులో కాపలా కణాలు సరిగా ఎదగలేదనీ, ఈ కొవ్వు ఆమ్లాలను నీటిలో కలిపి ఇస్తే చాలా వరకు కోలుకున్నాయనీ చూపారు. పేగు నుంచి మెదడు దాకా పోయే దారి పొడవునా పీచు అవసరం కనిపిస్తున్నది.

పెరుగు విషయానికి వస్తే, ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో రకరకాల లాక్టిక్ సూక్ష్మజీవులు సజీవంగా ఉంటాయి, కాని వాటికీ పేగులో స్థిరనివాసం లేదు, వాటితోపాటు పీచూ రాదు. అవి రోజూ వచ్చిపోయే అతిథులు. ఆ రాకపోకలకు విలువ లేదని అనలేం. 2021లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 36 మందిని రెండు జట్లుగా చేసి పది వారాలు పరీక్షించినప్పుడు, పులిసిన ఆహారాలు ఎక్కువగా తిన్న జట్టులో పేగు సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. పీచు పెంచిన జట్టులో అంత తక్కువ కాలంలో వైవిధ్యం పెరగలేదు. నేను పైన చెప్పిన మాటకు ఇది కొంత ఎదురుగా ఉన్నదని ఒప్పుకుంటాను. అయితే ఆ మొదటి జట్టువారు పులిసిన పదార్థాలను రోజుకు సుమారు ఆరు వడ్డింపుల వరకు తీసుకున్నారు. అన్నం చివర ఒక గరిటెడు పెరుగు దానికి సాటి రాదు. ఒక పూట పెరుగు, ఒక పూట పలచని మజ్జిగ, మరొక పూట తరవాణి అన్నట్టు రోజంతా పరచుకుంటేనే ఆ లెక్కకు కొంతైనా దగ్గరవుతాం. పాకెట్ పెరుగు మంచిదా, ఇంటి పెరుగు మంచిదా అంటే, వేడిచేసి నిలవబెట్టనిది అయితే పాకెట్ పెరుగైనా పరవాలేదు. చక్కెర కలిపినవి మాత్రం వద్దు.

నా మొగ్గు తరవాణి అన్నం వైపు. మా అమ్మమ్మగారి ఇంట్లో వంటగది మూల ఎప్పుడూ తరవాణి కుండ ఉండేది, అందులో దబ్బాకు వాసన వచ్చేది. ఒడిశావారు పఖాళ అనే తమ నీళ్లన్నం మీది పుల్లని నీటిని తొరాణి అంటారు. ఈ తీరం వెంబడి అందరిదీ ఒకే అలవాటు. అందులో సూక్ష్మజీవులూ వాటి మేతా ఒకే ముంతలో ఉంటాయి. ఉడికిన అన్నం చల్లారినప్పుడు ఎమైలోజ్ అనే పిండిపదార్థపు గొలుసులు మళ్లీ దగ్గరగా పేరుకుని, చిన్నపేగులో అరగని పిండిగా మారి, పెద్దపేగులోని జీవులకు అందుతాయి. 2015లో ఇండోనేషియా పరిశోధకులు తెల్ల అన్నంలో ఇటువంటి పిండిని కొలిస్తే, వేడి అన్నంలో 100 గ్రాములకు 0.64 గ్రాములు, మామూలు గది వేడిమిలో పది గంటలు చల్లారినదానిలో 1.30 గ్రాములు ఉన్నది. రెట్టింపే గాని, కొలతగా చూస్తే చిన్నదే. తరవాణి ఒక్కటే పీచు లోటు తీర్చేస్తుందని అనుకోకూడదు. దానికి తోడు పప్పూ, అరటికాయ కూరా, ఆవపెట్టిన పనసపొట్టూ, అరటి దూటా ఉండాలి; రావులపాలెం అరటి మార్కెట్ చేరువలో ఉండేవారికి వీటికి కొరత లేదు. బియ్యం రకం కూడా చూడవలసినదే. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో తయారై 1982లో విడుదలైన స్వర్ణ, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2011లో 235 రకాలను పోల్చినప్పుడు రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచేవాటిలో ఒకటిగా నిలిచింది. ముద్దగా ఉంటుందని దాన్ని చిన్నచూపు చూసే ఇళ్లలో ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

చద్దన్నంలో ఇనుము రాత్రికి రాత్రే ఇరవై రెట్లు అవుతుందని ఫోన్లలో తిరిగే సందేశాన్ని నమ్మకండి. ఇనుము మూలకం, దాన్ని ఏ సూక్ష్మజీవీ పుట్టించలేదు. పులియడం వల్ల ఫైటిక్ ఆమ్లం కొంత విరిగి, ఉన్న ఇనుము ఒంటబట్టడం తేలికవుతుంది, అంతే.

తరవాణికి ఉన్న అసలు లోపం దాన్ని చేసే పద్ధతిలో ఉంది. బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చని అన్నంలో గంటల తరబడి ఉంటే పెరుగుతాయి, వాంతులు కలిగించే వాటి విషం మళ్లీ వేడిచేసినా పోదు. పులుపు త్వరగా ఎక్కితేనే వాటికి అడ్డుకట్ట పడుతుంది. అందుకే వేడి అన్నాన్ని మూతపెట్టి వదిలేయకుండా, పళ్లెంలో పరచి త్వరగా ఆరనిచ్చి, కాచి చల్లార్చిన నీరు మునిగేలా పోసి, ముందురోజు తరవాణి గాని రెండు చెంచాల పెరుగు గాని కలపాలి. రోహిణి కార్తెలో ఆరేడు గంటలకే పులుస్తుంది, చలికాలంలో రాత్రంతా పడుతుంది. తీగ సాగినా, జిగురుపట్టినా, పుల్లని వాసనకు బదులు మురుగు వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారబోయాలి.

ఇడ్లీ, పనసాకు బుట్టల్లో వండే పొట్టిక్కలు పులిసిన పిండితో చేసినవే గాని ఆవిరికి సూక్ష్మజీవులు చనిపోతాయి. ఆవకాయలో ఉప్పూ నూనే ఎక్కువ. పులియబెట్టిన తేనీరు కొంబుచా, కొరియావారి పులిసిన క్యాబేజీ కిమ్చి దొరికినవారు తీసుకోవచ్చు.

నేను చివరకు చేసిందేమంటే, డాక్టరు రాసిన పది క్యాప్సూళ్లు ఆయన చెప్పినట్టే పూర్తిచేసి, మళ్లీ కొనలేదు. వారానికి నాలుగైదు రోజులు ఉదయం తరవాణి అన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుంటున్నాను, రాత్రి పెరుగు మానలేదు. కడుపు కుదుటపడింది, నిద్ర పట్టింది, కాని కాలం గడిచినందువల్లనా తిండి వల్లనా అన్నది నా ఒక్కడి అనుభవంతో తేలదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ఏడాది నిండని పిల్లలు మాత్రం తరవాణి జోలికి గాని, తమంతట తాము కొనుక్కునే క్యాప్సూళ్ల జోలికి గాని పోకూడదు. మధుమేహం ఉన్నవారు అన్నం కొలత తగ్గించి మజ్జిగ పెంచుకోవాలి, రక్తపోటు ఉన్నవారు అందులో ఉప్పు వేసుకోకుండా దబ్బాకుతో సరిపెట్టుకోవాలి.