ఎస్పీ రోడ్‌లో ‘లైఫ్‌టైమ్ ప్రీమియర్’ అంటే కొనకండి

బెంగళూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే మనవాళ్లందరికీ చెబుతున్నాను. కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్‌లో ఎవరైనా అడోబీ కంపెనీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చూపించి "ప్రీమియర్ ప్రో లైఫ్‌టైమ్ సార్, ఒక్కసారి కడితే చాలు" అంటే డబ్బులు తీయకండి. నేను 6,500 పోగొట్టుకున్నాను. డబ్బు కన్నా పని పోయిన బాధే ఎక్కువ.

షాపతను తెలుగులోనే మాట్లాడాడు. నా ముందే రెండు కెమెరాల వీడియోలు రెండు ట్రాకులుగా పెట్టి, కీబోర్డు మీద 1, 2 నొక్కుతూ యాంగిల్స్ మార్చి చూపించాడు. ఇన్‌స్టాల్ చేసి, ఒక మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చాడు. ఆ ఐడీ ఎవరిదని అప్పుడే అడగాల్సింది.

మధ్యమధ్యలో దానంతటదే సైన్ అవుట్ అయ్యేది. ఎందుకో తర్వాత అర్థమైంది. అడోబీలో మామూలు అకౌంట్‌తో రెండు కంప్యూటర్లలోనే సైన్ ఇన్ అయి ఉండొచ్చు, అదీ ఒకేసారి ఒకదాంట్లోనే వాడాలి. అదే ఐడీ ఎంతమందికి అమ్మాడో, ఒకరు లోపలికి వస్తే ఇంకొకరు బయటికి.

ఈమధ్య మారతహళ్లి వైపు లాన్‌లో పెళ్లి చేశాం. మండపం ఎదురుగా ఒక కెమెరా, పక్కన క్లోజప్‌కి ఒకటి, జనంలో తిరగడానికి ఒకటి, పైన డ్రోన్. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఒక్కసారిగా అందుకుంటుంది కదా, అక్కడ మూడు ట్రాకుల్లోనూ వేవ్‌ఫామ్, అంటే శబ్దం చూపించే గీత, నిట్టనిలువుగా లేస్తుంది. సింక్, అంటే కెమెరాలన్నీ ఒకే క్షణానికి కలవడం, సరిగ్గా కుదిరిందో లేదో నేను అక్కడే చూసుకుంటాను. డ్రోన్‌కి ఆడియో లేదు. అక్షింతలు గాల్లోకి లేచిన ఫ్రేము వెతికి, దాన్ని చేత్తో జరిపి కలిపాను. మూడు రాత్రులు కూర్చుని నాలుగు ట్రాకుల మధ్య స్విచింగ్ పూర్తి చేశాను. మర్నాడు తెరిస్తే లాగిన్ పోయింది. ఫోన్ చేస్తే, "అది కంపెనీ ప్రాబ్లం సార్, ఇంకో 2,000 ఇస్తే కొత్త ఐడీ ఇస్తా" అన్నాడు.

ఫుటేజీ భద్రంగానే ఉంది. కానీ ఏ క్షణంలో ఏ కెమెరాకి మారానో అదంతా ప్రాజెక్ట్ ఫైల్లో ఉంది. వేరే సాఫ్ట్‌వేర్‌లోకి పంపాలంటే ఎక్స్‌ఎంఎల్ (ఆ కట్‌ల వివరాలుండే ఫైలు) తీయాలి, అది తీయాలంటే ప్రీమియర్ తెరుచుకోవాలి. చివరికి డావించీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ దించుకుని మొదటి నుంచి చేశాను. పెళ్లికూతురి నాన్నగారు రోజూ ఫోన్ చేసేవారు, "అమ్మాయి శుక్రవారం అమెరికా వెళ్లిపోతుంది బాబూ" అని. శుక్రవారానికి ఇవ్వలేకపోయాను.

2013 నుంచి ప్రీమియర్ ప్రో కొత్త వెర్షన్లు చందా మీదే వస్తున్నాయి, లైఫ్‌టైమ్ అనేదే లేదు. నెలనెలా కట్టడం కష్టమైతే రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లోనే మల్టీక్యామ్ (కెమెరాల మధ్య స్విచింగ్) ఉంది, 3840×2160 (4కె) వరకు ఎక్స్‌పోర్ట్ అవుతుంది. ఒక్కసారి కట్టి ఉంచుకోవాలనుకునేవాళ్లకి దాని స్టూడియో వెర్షన్ 295 డాలర్లు. ఏది కొన్నా మీ సొంత మెయిల్ మీదే కొనండి. బిల్లులో సాఫ్ట్‌వేర్ పేరు రాయించుకోండి. నాకు ‘సర్వీస్ చార్జ్’ అని మాత్రమే రాసిచ్చారు. ఆ బిల్లుతోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు.

ఇలాంటి చీటీ ఐడీతో ఇప్పటికే పని చేస్తున్నవాళ్లు ఉంటే, తెరుచుకుంటున్నప్పుడే మీ ప్రాజెక్టులన్నిటికీ ఎక్స్‌ఎంఎల్ తీసి వేరే డ్రైవ్‌లో పెట్టుకోండి. ఈ రాత్రికే చేయండి.