వీ యూ: కొత్త కన్సోలా, పాతదానికి తోకా?

జపాన్ గేముల కంపెనీ నింటెండో తెచ్చిన కన్సోల్ (టీవీకి తగిలించి గేములు ఆడే పెట్టె) వీ యూ గురించి చెప్పాలంటే ముందు పేరు గురించే చెప్పాలి, సగం పని అక్కడే చెడింది. 2006లో ఇదే కంపెనీ తెచ్చిన వీ అనే కన్సోల్ పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది, వీడియో గేమ్ అంటే మొహం తిప్పుకునే అమ్మమ్మలు, తాతయ్యలు కూడా రిమోట్ ఊపుతూ టీవీ ముందు బౌలింగ్ ఆడారు. 2012 నవంబరులో దాని తర్వాతి తరం మెషిన్ తెచ్చి వీ యూ అన్నారు. మరి అది పూర్తిగా కొత్త కన్సోల్ అని ఆ అమ్మమ్మకు ఎలా తెలుస్తుంది? పాత వీకి తగిలించుకునే టాబ్లెట్ కాబోలు, మనకెందుకులే అనుకుంటుంది. 2011లో ఈ3 అనే వీడియో గేముల ప్రదర్శనలో మొదటిసారి చూపించినప్పుడు కూడా హడావుడంతా కంట్రోలర్‌దే, అసలు పెట్టె సరిగ్గా కంటబడనేలేదు.

సరే, ఆ కంట్రోలర్, అదే గేమ్‌ప్యాడ్, సంగతికొద్దాం. మధ్యలో 6.2 అంగుళాల టచ్ స్క్రీన్, అటూ ఇటూ బటన్లు. చూడ్డానికి పళ్ళెంలా ఉంటుంది గానీ చేతిలో బాగానే ఒదుగుతుంది. ఇంట్లోవాళ్ళు సీరియల్ కోసం టీవీ లాక్కుంటే చాలా గేములు మొత్తంగా ఈ చిన్న స్క్రీన్‌లోకి వచ్చేస్తాయి, నాకైతే ఈ ఒక్క సౌకర్యానికే మార్కులు వేయాలనిపిస్తుంది. కానీ గేమ్ నడిచేది పెట్టెలో, చేతికొచ్చేది బొమ్మ మాత్రమే, కాబట్టి రెండు గోడలు అడ్డం పడితే తెగిపోతుంది. బ్యాటరీ మూడు నుంచి ఐదు గంటలు. పైగా అది ఒకేసారి రెండు వేళ్ళను గుర్తించని టచ్, అప్పటికే ఐప్యాడ్ వచ్చి రెండేళ్ళు దాటింది.

అసలు చిక్కేమిటంటే రెండో స్క్రీన్‌తో ఏం చేయాలో ఎక్కువమందికి తోచలేదు. నింటెండో ల్యాండ్ అనే గేమ్‌లో టాబ్లెట్ పట్టుకున్నవాడికి కనిపించేది మిగతావాళ్ళకు కనిపించదు, దొంగాటలా భలే ఉంటుంది. జోంబీ యూలో సంచీ వెతకడానికి తల కిందికి దించితే పైన టీవీలో జోంబీలు ఆగకుండా వచ్చేస్తుంటాయి, ఆ టెన్షన్ ఇంకే కన్సోల్‌లోనూ అలా రాలేదు. అవి వదిలేస్తే చాలావాటిలో అక్కడ మ్యాప్ పెట్టి చేతులు దులుపుకున్నారు.

వచ్చినప్పుడు ధర అమెరికాలో రకాన్ని బట్టి 299.99, 349.99 డాలర్లు. అందులో టాబ్లెట్ ఖర్చూ ఉంది, శక్తి చూస్తే సోనీ వాళ్ళ పాత కన్సోల్ పీఎస్3 దరిదాపుల్లో ఉంది. ఏడాది తిరిగేసరికి దాని తర్వాతి పీఎస్4 399 డాలర్ల ధరతో మార్కెట్లోకి వచ్చింది, గేములు చేసే బయటి స్టూడియోలు ఒక్కొక్కటే జారుకున్నాయి. 2014 జనవరిలో ఆ ఆర్థిక సంవత్సరపు వీ యూ అమ్మకాల అంచనాను 90 లక్షల నుంచి ఏకంగా 28 లక్షలకు తగ్గించారు, నింటెండో అధ్యక్షుడు సటోరు ఇవాటా కొన్ని నెలలు సగం జీతమే తీసుకున్నారు. చివరికి మొత్తం అమ్ముడైన లెక్క కోటీ 36 లక్షల లోపే.

గేములు బాగోక కాదు సుమా. మారియో కార్ట్ 8 అనే రేసింగ్ గేమ్ ఇందులో 84 లక్షల కాపీలు అమ్ముడైతే, దాన్నే కాస్త పెంచి నింటెండో తర్వాతి కన్సోల్ స్విచ్‌లో వేసినప్పుడు ఆరు కోట్లు దాటింది!

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: ఆన్‌లైన్ షాప్‌లో కొనుగోళ్ళు 2023 మార్చిలోనే ఆగిపోయాయి, డిస్కులు కూడా ఇస్తున్నారేమో చూసుకోండి. గేమ్‌ప్యాడ్ లేకుండా పెట్టె ఒక్కటే చవగ్గా వస్తోందని మాత్రం తీసుకోకండి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళాలన్నా అది ఉండాల్సిందే.