నల్గొండ నీళ్ళ మీద మూడేళ్ళు: చిన్న పీసీఆర్ మెషిన్‌తో నా అనుభవం

మా జిల్లాలో నీళ్ళ పరీక్ష అంటే ఫ్లోరైడే. ల్యాబ్‌కి ఎవరు బాటిల్ పట్టుకుని వచ్చినా మొదటి మాట "ఫ్లోరైడ్ ఎంతుందో చూడండి మేడం" అనే ఉంటుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు వంగిపోయిన కాళ్ళతో, బిగుసుకుపోయిన నడుములతో నడిచే పెద్దవాళ్ళను చూస్తూ పెరిగిన వాళ్ళం కాబట్టి అది సహజమే. కానీ ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపే ఉందని తేలిన నీళ్ళు తాగి కూడా పిల్లలు విరేచనాలతో ఆసుపత్రిలో చేరడం చూశాక, నాకు ఇంకో పరీక్ష చేతిలో ఉండాలనిపించింది.

2022లో ఈ మెషిన్ కొన్నాను. కోవిడ్ పరీక్షలు తగ్గిపోయాక ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ళు అమ్మకానికి పెట్టిన సెకండ్ హ్యాండ్ రియల్ టైమ్ పీసీఆర్ ఇది. పదహారు ట్యూబులు పడతాయి, బ్యాటరీ మీద కూడా నడుస్తుంది, స్కూటీ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకెళ్ళేంత సైజు. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. నేను రాసేదంతా ఈ రకం మెషిన్లన్నింటికీ దాదాపుగా వర్తిస్తుంది కాబట్టి ఏ కంపెనీది అన్నది ఇక్కడ ముఖ్యం కాదు.

ఇది చేసే పని తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. ప్రతి బ్యాక్టీరియాకీ దానిదే అయిన డీఎన్ఏ ఉంటుంది. అందులో ఆ జీవికి మాత్రమే ఉండే చిన్న ముక్కను ఎంచుకుని, ఆ ముక్క మాత్రమే రెట్టింపవుతూ పోయేలా చేస్తాం. 95 డిగ్రీలకు వేడి చేస్తే డీఎన్ఏ రెండు పోగులుగా విడిపోతుంది, 60 డిగ్రీలకు దిగితే ఒక్కో పోగు మీద కొత్త పోగు అల్లుకుంటుంది. ఇలా 40 సార్లు, ఒక్కోసారిని ఒక సైకిల్ అంటాం. ఎక్కువ డీఎన్ఏ ఉంటే తెర మీద గీత తొందరగా లేస్తుంది, తక్కువ ఉంటే ఆలస్యంగా లేస్తుంది. 22వ సైకిల్‌లో లేచిన గీతకు, 32వ సైకిల్‌లో లేచిన గీతకు మధ్య దాదాపు వెయ్యి రెట్ల తేడా. 1983లో ఈ పద్ధతిని ఆలోచించిన కారీ మల్లిస్‌కి 1993లో నోబెల్ వచ్చింది. అంత వేడికీ చెడిపోకుండా ఆ కొత్త పోగును అల్లే ఎంజైమ్ మొదట దొరికింది అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో బతికే ఒక బ్యాక్టీరియాలో.

అంతకుముందు నా దగ్గర ఉన్నవి రెండే దారులు. ఒకటి హెచ్2ఎస్ బాటిల్. 1982లో గ్వాలియర్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి అది. నీళ్ళు పోసి ఉంచితే, మలం కలిసిన నీళ్ళయితే నల్లబడుతుంది. రెండోది నీళ్ళలోని బ్యాక్టీరియాను ప్లేట్ మీద పెంచి చూడడం. రెండూ మంచివే, రెండూ ఇప్పటికీ వాడుతున్నాను. కానీ రెండిటికీ ఒకటి నుంచి రెండు రోజులు పడుతుంది. ఊళ్ళో పైపు ఎక్కడ పగిలిందో వెతుకుతున్నప్పుడు రెండు రోజులంటే చాలా ఎక్కువ.

ఈ మెషిన్ కొన్నందుకు సంతోషపడిన రోజు గురించి చెప్తాను. రెండో ఏడాది వానాకాలం, దేవరకొండ వైపు ఒక ఊరు. చివరి రెండు వీధుల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు. ట్యాంకు కడిగారు, బ్లీచింగ్ వేశారు, తగ్గలేదు. పొద్దున్నే వెళ్ళి ట్యాంకు దగ్గర్నుంచి చివరి నల్లా దాకా వరసగా పదకొండు చోట్ల నీళ్ళు పట్టాను. పంచాయతీ ఆఫీసులో బల్ల మీద ఫిల్టర్ పెట్టి, డీఎన్ఏ తీసి, మలంలో ఉండే ఈ-కోలై బ్యాక్టీరియా కోసం మధ్యాహ్నం రెండింటికల్లా మెషిన్‌లో పెట్టాను. ట్యాంకులో గీత లేదు. మొదటి నాలుగు నల్లాల్లో లేదు. ఐదో నల్లాలో 33 దగ్గర లేచింది. ఆరోదానిలో 29. ఆ తర్వాత అన్నిటిలోనూ 30కి అటూ ఇటూ.

పక్కన నిలబడి చూస్తున్న నీళ్ళు వదిలే ఆయన అడిగాడు: "ఏంది మేడం, గీ గీత లేస్తే పురుగులున్నట్టేనా?"

"పురుగుల ఆనవాలు ఉన్నట్టు. నాలుగో నల్లాకీ ఆరోదానికీ మధ్యల ఏముందన్నా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "గేటువాల్వు గుంత ఉన్నది. పక్కనే మోరీ" అన్నాడు.

పోయి మూత తీస్తే గుంత నిండా నల్లటి నీళ్ళు. వాల్వు ఆ నీళ్ళలో మునిగి ఉంది. నీళ్ళు వదిలినంత సేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి బయటికే కారుతుంది. నీళ్ళు ఆపగానే పైపు ఖాళీ అవుతూ బయటి నీళ్ళను లోపలికి లాక్కుంటుంది. మర్నాడు పొద్దున మొదటి బిందె పట్టిన వాళ్ళకు వచ్చేది ఆ నీళ్ళే. అదే రోజు రెండో రన్‌లో మనుషుల పేగుల్లో ఉండే బ్యాక్టిరాయిడీస్ అనే బ్యాక్టీరియా ఆనవాలు, పశువులలో ఉండేదాని ఆనవాలు విడివిడిగా చూశాను. మనుషులదే గట్టిగా వచ్చింది. అంటే పేడ నీళ్ళు కావు, ఎక్కడో సెప్టిక్ ట్యాంకు పొంగి మోరీలోకి వస్తోంది. సాయంత్రానికల్లా అదీ దొరికింది. ప్లేట్లు ఆ పని చేయలేవని కాదు. కానీ అదే రోజు, అదే ఊళ్ళో కూర్చుని, వాల్వు గుంత దాకా వేలు పట్టుకుని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళింది మాత్రం ఇదే.

మనిషి, పశువు తేడా చెప్పే ఈ ఆనవాళ్ళ గురించి ఒక జాగ్రత్త. వీటిని తయారు చేసి పరీక్షించింది చాలా వరకు వేరే దేశాల్లో. మన దగ్గర గుడ్డిగా వాడకూడదు. నేను ముందుగా మన బర్రె పేడ, మేక పెంటికలు, కోళ్ళ పెంట, సెప్టిక్ లారీ నుంచి తెచ్చిన మడ్డి, అన్నిటి మీదా వేసి చూశాను. మనుషుల ఆనవాలు కోళ్ళ పెంటలో కూడా ఆలస్యంగా ఒక గీత లేపింది. కోళ్ళ ఫారాలు ఇన్ని ఉన్న మన ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. ఫారం పక్కన ఊరైతే ఆ ఒక్క ఫలితం పట్టుకుని ఎవరి మీదా నింద వేయను.

ఇప్పుడు ఇబ్బందుల సంగతి.

అమ్మేవాళ్ళు ఎవరైనా చెప్పే మాట "ఒక్క బ్యాక్టీరియా ఉన్నా పట్టేస్తుంది" అని. ట్యూబులో ఉంటే పడుతుంది, నిజమే. కానీ లెక్క చూడండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై అసలు కనిపించకూడదు. నేను 100 మిల్లీలీటర్లు ఫిల్టర్ చేసి, దాని డీఎన్ఏని 100 మైక్రోలీటర్లలోకి తెస్తాను. అందులోంచి ట్యూబులో వేసేది 5 మైక్రోలీటర్లు. అంటే నేను నిజంగా చూస్తున్నది 5 మిల్లీలీటర్ల నీళ్ళే. డీఎన్ఏ తీసేటప్పుడు పోయేది వేరే. 100 మిల్లీలీటర్లలో ఒకటో రెండో ఉంటే ఈ మెషిన్ పట్టుకోలేకపోవచ్చు, ప్లేట్ పట్టుకుంటుంది. అందుకే సర్టిఫికెట్ అడిగితే ఇప్పటికీ ప్లేట్ చూసే ఇస్తాను. ఇది తెలియక మొదటి నెలల్లో ప్లేట్లు మానేద్దామని కూడా అనుకున్నాను. మానకపోవడం మంచిదైంది.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. బతికున్నదేదో, చచ్చిందేదో దీనికి తెలియదు. ఆ దేవరకొండ ఊళ్ళో వాల్వు పైకి లేపి, గుంత పూడ్చి, క్లోరిన్ వేశాక వారానికి మళ్ళీ వెళ్ళాను. ప్లేట్ల మీద ఏమీ లేదు. నల్లా దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల పైనే ఉంది. అయినా మెషిన్‌లో 35 దగ్గర గీత లేచింది. పైపు గోడలకు అంటుకున్న చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ అది. సర్పంచ్ గారు గీత చూసి భయపడ్డారు, సర్ది చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పీఎంఏ అని ఒక రంగు ఉంది. శాంపిల్‌లో కలిపి పావుగంట వెలుతురు చూపిస్తే, చచ్చిన కణాల లోపలికి వెళ్ళి వాటి డీఎన్ఏని పనికిరాకుండా చేస్తుంది. బతికున్నవే లెక్కకు వస్తాయి. బాగానే పనిచేస్తుంది కానీ ఖరీదు ఎక్కువ, మట్టి నీళ్ళలో అంత నమ్మకంగా ఉండదు. క్లోరిన్ వేసిన నీళ్ళకు మాత్రమే వాడుతున్నాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఖాళీ ట్యూబు. ప్రతి రన్‌లోనూ శాంపిల్ బదులు డీఎన్ఏ లేని శుభ్రమైన నీళ్ళు వేసిన ట్యూబు ఒకటి పెట్టాలి. అందులో గీత లేవకూడదు. మొదటి ఏడాది అందులో 36, 37 దగ్గర గీత లేవడం మొదలైంది. బల్ల బ్లీచ్‌తో కడిగాను, పిపెట్లు కడిగాను, ఫ్యాన్ ఆపేశాను, గది మార్చాను. వారం రోజులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. చివరికి తెలిసింది ఏమిటంటే, పీసీఆర్‌లో వాడే ఎంజైమ్‌ని ఇప్పుడు తయారు చేసేది ఈ-కోలై బ్యాక్టీరియాలోనే. ఎంత శుభ్రం చేసినా దాని డీఎన్ఏ కాస్త ఎంజైమ్‌లో మిగిలిపోతుంది. నేను వెతుకుతున్నది ఈ-కోలైనే, నా ఎంజైమ్‌లో ఉన్నదీ ఈ-కోలైనే. డీఎన్ఏ బాగా తగ్గించి అమ్మే రకం ఎంజైమ్‌కి మారాను. 36 దాటి లేచిన గీతను ఇప్పుడు "ఉంది" అని రాయను, మళ్ళీ శాంపిల్ తెప్పిస్తాను. నీళ్ళ పరీక్షకు పీసీఆర్ కొనేవాళ్ళు ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి.

పదహారు ట్యూబులు అంటే పదహారు శాంపిళ్ళు అని అనుకోకండి. ఎంత డీఎన్ఏ ఉందో ముందే తెలిసిన స్టాండర్డులు మూడు, డీఎన్ఏ తీసేటప్పుడు పెట్టే ఖాళీ ఒకటి, పైన చెప్పిన ఖాళీ ట్యూబు ఒకటి పోతే మిగిలేవి పదకొండు. ప్రతి శాంపిల్‌నీ రెండేసి ట్యూబుల్లో వేస్తే ఐదే.

మూసీ నీళ్ళ గురించి విడిగా చెప్పాలి. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురుగంతా మోసుకుని, మన జిల్లాల పొలాల మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది. మొదటిసారి ఆ నీళ్ళు తెచ్చి పెడితే ఒక్క గీత లేదు. మూసీలో ఈ-కోలై లేదంటే ఎవరు నమ్ముతారు? ఫిల్టర్ 40 మిల్లీలీటర్లకే మూసుకుపోయింది, తీసిన డీఎన్ఏ టీ డికాషన్ రంగులో ఉంది. కుళ్ళిన ఆకులు, మట్టి నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు ఎంజైమ్‌ని పనిచేయనివ్వవు. ఆ డీఎన్ఏని పది రెట్లు పలచన చేసి పెడితే 24 దగ్గర గీత లేచింది. మామూలుగా పది రెట్లు పలచన చేస్తే గీత మూడు సైకిళ్ళకు పైగా ఆలస్యం కావాలి. లేని గీత లేచిందంటే, అడ్డుపడేది ఏదో ఉన్నట్టే. అప్పటి నుంచి చెరువు, కాలువ, మూసీ నీళ్ళు ఏవైనా రెండు రకాలుగా పెడుతున్నాను, అసలుది ఒకటి, పలచన చేసింది ఒకటి. అడ్డుపడేవాటిని తనకు అంటించుకునే బీఎస్ఏ అనే ప్రొటీన్ కాస్త కలిపితే ఇంకా మేలు. మన బోరు నీళ్ళలోని కాల్షియం కూడా ఈ ఎంజైమ్‌కి పడదు, ఫిల్టర్ మీద తెల్లటి పొర కనిపిస్తే శుభ్రమైన నీళ్ళతో ఒకసారి కడుగుతాను.

ఎండాకాలం ఈ మెషిన్‌కి గడ్డుకాలం. మే నెలలో నల్గొండ ఎండ సంగతి తెలిసిందే. గది వేడెక్కితే ట్యూబులు చల్లబడటం ఆలస్యమై, గంటలో అయ్యే రన్ గంటన్నర పడుతుంది. ఫ్యాన్ జాలీలో దుమ్ము పేరుకుంటే ఇంకా ఎక్కువ. నెలకోసారి బ్రష్‌తో తుడుస్తాను. బ్యాటరీ కొత్తలో మూడు రన్‌లు ఇచ్చేది, ఇప్పుడు ఒకటిన్నర. రసాయనాలు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో థర్మాకోల్ డబ్బాలో వచ్చేవి. ఒకసారి మధ్యాహ్నం దాకా ఎండలో ఉండిపోయి, ఐస్ అంతా కరిగి, మొత్తం పారేయాల్సి వచ్చింది. ఆ తర్వాత పొడి రూపంలో దొరికే మిశ్రమానికి మారాను. ధర ఎక్కువే, కానీ ఫ్రిజ్ లేని ఊళ్ళో కూడా ధైర్యంగా వాడొచ్చు.

ఇంకో చిన్న పరిమితి. ఇది నేను అడిగినదానికే జవాబు చెప్తుంది. ఈ-కోలై ఉందా అంటే ఉందో లేదో చెప్తుంది కానీ, పక్కన ఇంకేం ఉన్నాయో చెప్పదు. ఒక బోరు నీళ్ళలో పైపు నిండా తుప్పు రంగు జిగురు వస్తుంటే అదేమిటో తెలుసుకోవడానికి, బ్యాక్టీరియాలన్నిటిలో ఉండే 16ఎస్ జన్యువును పెంచి, దాని అక్షరాల వరస చదివే సీక్వెన్సింగ్‌కి హైదరాబాద్ పంపించాల్సి వచ్చింది. ఇనుమును పట్టుకుని బతికే గాలియోనెల్లా జాతి ఎక్కువగా ఉందని తేలింది. తాగితే జబ్బు చేసేది కాదు, మోటారుకీ పైపుకీ శత్రువు. అలాగే ఒక చెరువు ఆకుపచ్చ పెయింట్ పోసినట్టు మారితే, అలాంటి నాచులో విషం తయారు చేసే ఎంసీవైఈ అనే జన్యువు కోసం చూశాను. ఉంది. విషం ఎంత తయారైందో ఆ జన్యువు చెప్పదు, కానీ గొర్రెలను అటు తోలొద్దని చెప్పడానికి అది చాలు.

ఖర్చు నాకు ఒక్కో శాంపిల్‌కి నాలుగు వందల దాకా పడుతోంది, పీఎంఏ వేస్తే ఇంకా ఎక్కువ. ఆర్ఓ ప్లాంట్ల సర్టిఫికెట్ల కోసమే అయితే ఈ మెషిన్ కొనొద్దు, మంచి ఇంక్యుబేటర్ కొనుక్కోండి. ఊళ్ళు తిరిగి, మురుగు ఎక్కడ కలుస్తోందో వెతికే పని చేసేవాళ్ళు మాత్రం కొనండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ముందు పదహారు ట్యూబుల్లోనూ ఒకే డీఎన్ఏ వేసి రన్ చేయించండి. నా మెషిన్‌లో మూల ఉన్న రెండు ట్యూబులు మిగతావాటి కంటే దాదాపు ఒక సైకిల్ ఆలస్యం. కొన్నాక గానీ తెలియలేదు. ఆ రెండిటినీ ఖాళీ ట్యూబులకు వాడను. అక్కడ గీత ఆలస్యమైతే కలుషితమైన సంగతి దాగిపోతుంది.

దేవరకొండ వైపు ఆ ఊరి నీళ్ళాయన ఇప్పుడు నెలకోసారి తనే నాలుగు బాటిళ్ళు తెస్తాడు. ట్యాంకు, వాల్వుకి ముందు, వాల్వు తర్వాత, చివరి నల్లా. ప్రతి బాటిల్ మీద టైమూ, క్లోరిన్ రంగు ఎంత వచ్చిందో పెన్నుతో రాసి ఉంటుంది. నేను మెషిన్ మూత వేయగానే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు, 36వ సైకిల్ దాటే వరకు లేవడు.