ఆరెకరాలు, నలుగురు వారసులు: ఒక భూసర్వే కార్యాలయం పనితీరు

వరంగల్ జిల్లా సంగెం వైపు మా నాన్నగారు వదిలివెళ్లిన భూమిని కొలిచి, నలుగురం పంచుకోవడానికి నక్ష (పటం) గీసి ఇమ్మని హనుమకొండలోని ఒక ప్రైవేటు సర్వే కార్యాలయానికి పని అప్పగించాం. ఎకరానికి 3,500 రూపాయలు తీసుకున్నారు, నక్ష ప్రతులకు అదనం. ఇచ్చిన డబ్బుకు మించిన పని చేశారు. ఒక విషయం మాత్రం వదిలేశారు, అది చిన్నది కాదు.

మా ఇంట్లో ఎవరి కోరిక వారిది. మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి మా ఊళ్లో గుంటల (ఎకరానికి 40 గుంటలు) లెక్కన బేరాలు సాగుతున్నాయి. జౌళి పార్కు కూడా దగ్గరే. అందుకని అన్నయ్య రోడ్డు పక్క ముక్కను ప్లాట్లుగా అమ్ముదామంటాడు. కోతుల బెడదకు మక్క, కూరగాయలు వేయలేక విసిగిన తమ్ముడు ఆయిల్‌పామ్ పెడతానంటాడు. చెల్లెలికి చెరువు కనబడేలా ఇల్లు కావాలి. నాకేమో అక్కడ వరి పండుతూనే ఉండాలి.

వచ్చిన సర్వేయర్ ముందుగా టిప్పన్ (చేను కొలతల పాత పటం) నకలు, పాత పహాణీ (సాగు వివరాల రికార్డు) అడిగాడు. ఉపగ్రహాల సాయంతో కొలిచే డీజీపీఎస్ పరికరం నిలబెట్టే ముందు చేనంతా నడిచి, "ఇటు ఎవరెవరు నడుస్తారమ్మా? వాన నీళ్లు ఎటు దిగుతాయి?" అని ఆరా తీశాడు. ఈ పద్ధతే నాకు నచ్చింది. పాస్ పుస్తకంలో 6 ఎకరాల 4 గుంటలు ఉంటే, నేల మీద 5 ఎకరాల 36 గుంటలే తేలాయి. మిగిలిన 8 గుంటలు తారు రోడ్డు వేసినప్పుడు అందులో కలిశాయని పాత గెట్టు రాయి దగ్గర నిలబెట్టి చూపించాడు.

చెరువు వైపు సంగతి ఇంకా వివరంగా చెప్పాడు. మా చెరువు పాతిక ఎకరాలకు పైబడినది. అంత పెద్ద చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్ల లోపల కట్టడం కుదరదు. ఆ 30 మీటర్ల హద్దును నేల మీద సున్నంతో వేసి చూపేసరికి చెల్లెలు అనుకున్న ఇంటి జాగా పూర్తిగా లోపలే పడింది, ఇంటిని వేరే మూలకు జరపాల్సి వచ్చింది. కట్టడం కుదరని ఆ పట్టీ దాదాపు 30 గుంటలు. ఊరి బర్రెలు నీళ్లకు దిగేది, చేపలు పట్టేవాళ్లు వలలు ఆరేసేది అక్కడే. దాన్ని ముక్కలు చేయకుండా నలుగురి పేర ఉమ్మడిగా ఉంచుకోమన్నాడు. వెనుక చేన్లవాళ్లు ఎన్నో ఏళ్లుగా నడిచే బండ్ల బాట కూడా అంతే. 12 అడుగుల వెడల్పున, 680 అడుగుల పొడవున వదిలితే ఏడున్నర గుంటలు పోతుంది. పోనివ్వండని చెప్పాను.

ఇక పంపకం. రోడ్డు నుంచి చెరువు దాకా నిలువుగా నాలుగు పట్టీలు కోస్తే అందరికీ రోడ్డు దొరుకుతుంది కానీ ఒక్కో పట్టీ 80 అడుగుల వెడల్పు కూడా రాదు. అందులో కోత మిషన్ తిరగడమే కష్టం. ఆయిల్‌పామ్‌కు మొక్కకూ మొక్కకూ 9 మీటర్లు కావాలి. అడ్డంగా కోస్తే పొలం పొలంలా ఉంటుంది, కానీ రోడ్డు పక్క వాటా ఒక్కరికే దక్కుతుంది. ఈ రెండూ గీసి చూపించాక మూడో నక్ష వేశాడు. అడ్డంగానే కోసి, రోడ్డు పక్క వాటాను 38 గుంటలకు తగ్గించి, మిగతా ముగ్గురికీ 53న్నర గుంటల చొప్పున చూపాడు. గుంటలు సమంగా లేకపోయినా విలువ దగ్గర దగ్గరగా వచ్చింది. రోడ్డు పక్క వాటాకు అన్నయ్య ఒప్పుకున్నాడు. ఎకరానికి 57 మొక్కల లెక్కన తమ్ముడి వాటాలో 76 పడతాయి. వరి మడి నీళ్లు ఆయిల్‌పామ్ వేళ్ల దగ్గర నిలవకూడదని మా ఇద్దరి వాటాల మధ్య కాలువ కూడా గీశాడు. బోరు, పైపులైను ఉమ్మడి. ఇంత ఓపికగా ఆలోచించే సర్వేయర్ దొరకడం అరుదు.

ఇప్పుడు లోటు. ఆ భూమిని పన్నెండేళ్లుగా కౌలుకు దున్నుతున్న దంపతులను ఈ కార్యాలయం ఒక్క మాట కూడా అడగలేదు. అదేమని అడిగితే "యజమానులు చెప్పిందే గీస్తామమ్మా, కౌలుదారులతో మాట్లాడటం మా పని కాదు" అన్నారు. నేను ఒప్పుకోను. ఆ చేను గుణం వాళ్లకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. నక్ష అచ్చయ్యాక ఆ కౌలు ఇల్లాలు చూసి, "అక్కా, చెల్లె ఇల్లు గీసిన మూలలో వానాకాలం జాలు పడుతుంది" అని చెప్పింది. పునాది తవ్వి ఉంటే నీళ్లే. ఇంటి గుర్తు మార్చడానికి కార్యాలయం మళ్లీ వెయ్యి రూపాయలు తీసుకుంది. వరి కోశాక గొర్ల మంద పెట్టించి ఎరువు చేసుకునేది కూడా వాళ్లే. చిన్న ఆయిల్‌పామ్ మొక్కలున్న చోట మంద పెట్టలేరు. ఆరెకరాల సాగు ఎకరం పదమూడు గుంటలకు కుదించుకుపోయే ఆ కుటుంబం నక్షలో ఎక్కడా లేదు. నా వాటా కౌలు వాళ్లకే రాసి ఇచ్చాను. మిగతా ముగ్గురితో ఇంకా మాట్లాడుతున్నాను.

ఇంకొక సంగతి. ప్రైవేటు కొలత మీలో మీరు మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. పక్క చేనువాళ్లతో హద్దు తగాదా ఉంటే మండల సర్వేయర్‌కు దరఖాస్తు పెట్టుకోండి. 2025 నాటి భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న మాట ఉంది కాబట్టి, సంతకం చేసేవారికి లైసెన్సు ఉందో లేదో ముందే అడగండి.

పంపకాల కోసమైతే ఈ కార్యాలయానికి ధైర్యంగా వెళ్లవచ్చు. కొలత రోజున మీ కౌలుదారును, నీళ్లు కట్టే మనిషిని వెంట ఉంచుకోండి. పెన్సిల్ గీతల మీద ఎన్ని మార్పులు చెప్పినా డబ్బు అడగరు, అచ్చయ్యాకే అడుగుతారు.